గీతలు గీసిందొకరు, తిట్లు తిన్నదొకరు

నల్లకారు కొనొద్దని మా ఇంట్లో చెప్పనివాళ్ళు లేరు. "ఎండకి కాలిపోద్ది", "దుమ్ము కనపడద్ది", "శని వాహనంలా ఉంటది" అని తలా ఓ మాట అన్నారు. నేను వింటేనా! షోరూం లైట్ల కింద నల్లకారంత అందమైన వస్తువు ఇంకోటి లేదనిపిస్తుంది మరి. మూడు నెలలు తిరిగేసరికి ఓ ఆదివారం మిట్టమధ్యాహ్నం ఎండలో చూస్తే, బానెట్ నిండా సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు.

ఈ టపా ఆ సాలెగూడు గురించి. ఇంకా సూటిగా చెప్పాలంటే, అది కంటబడగానే మన సాఫ్ట్‌వేర్ జనం చేసే రెండు పనుల గురించి. ఒకటి, తెల్లారగట్ల కారు తుడిచే కుర్రాణ్ణి తిట్టడం. రెండు, పాలిషింగ్ షాపుకెళ్ళి వేలకి వేలు పోసి రావడం. మొదటిది అన్యాయం, రెండోది చాలాసార్లు అజ్ఞానం. రెండూ నేను స్వయంగా చేశాను కాబట్టి ఎవరినో అంటున్నానని ఎవరూ భుజాలు తడుముకోనక్కర్లేదు.

ముందు తిట్ల సంగతి. మా అపార్ట్‌మెంట్లో పన్నెండు కార్లు తుడిచే కుర్రాడొకడు ఉండేవాడు. నెలకి కారుకి 600 రూపాయలు. ఒక బకెట్, ఒక గుడ్డ. గీతలు చూసిన రోజున వాణ్ణి పిలిచి, పదిమంది ముందు నిలబెట్టి, "గుండ్రంగా రుద్దావు కాబట్టే గుండ్రంగా పడ్డాయి, ఇదిగో సాక్ష్యం" అని పెద్ద లాయర్లాగా వాదించాను. పాపం వాడు ఏమీ అనలేదు. నా సాక్ష్యం ఎంత చెత్తదో నాకు తర్వాత తెలిసింది.

కావాలంటే మీరే ఒక ప్రయోగం చెయ్యండి. ఎండలో నల్లకారు బానెట్ ముందు నిలబడి సూర్యుడి ప్రతిబింబం ఎక్కడ పడిందో చూడండి. గీతలన్నీ దాని చుట్టూ వలయాల్లా చుట్టుకుని కనిపిస్తాయి. ఇప్పుడు రెండడుగులు పక్కకి జరగండి. వలయాలూ మీతో పాటే జరుగుతాయి! గీతలు నిజంగా గుండ్రంగా ఉంటే అలా ఎలా జరుగుతాయి? అసలు సంగతేంటంటే, బానెట్ మీద అన్ని దిక్కుల్లోనూ వేల కొద్దీ అడ్డదిడ్డపు గీతలుంటాయి. ఒక్కో గీత వెలుగుని తనకి అడ్డంగా ఉన్న దిక్కులోకే చిమ్ముతుంది. అందువల్ల ప్రతిబింబం చుట్టూ ఏ గీతలు సరైన కోణంలో ఉన్నాయో అవి మాత్రమే మన కంటికి మెరుస్తాయి. ఆ మెరిసే ముక్కలన్నీ కలిపి మన కన్ను వలయం గీసుకుంటుంది. అంచేత వలయాన్ని చూసి చెయ్యి ఎటు తిరిగిందో చెప్పడం కుదరదు. లాగ్ ఫైల్ చదవడం రాకుండానే రూట్ కాజ్ తేల్చేసిన మేనేజర్ని చూసి మనం నవ్వుకుంటాం కదా, నేను చేసింది అక్షరాలా అదే.

తెల్లకార్ల వాళ్ళు సంబరపడక్కర్లేదు. మీ కారు మీదా అన్ని గీతలూ ఉన్నాయి. తెల్లరంగు తన మీద పడ్డ వెలుగుని నాలుగు పక్కలా వెదజల్లుతుంది కాబట్టి ఆ వెలుతుర్లో గీత మెరుపు కలిసిపోతుంది. నలుపు వెలుగుని మింగేస్తుంది. చీకటి గోడ మీద మిణుగురు పురుగులాగా ఒక్కో గీతా విడిగా కనపడుతుంది. నల్లకారు చేసిన నేరం నిజం దాచకపోవడం, అంతే.

ఇహ గీత పడేది దేనివల్ల? గుడ్డ వల్ల అనుకుంటాం. గుడ్డకంత సీన్ లేదు. గుడ్డకీ రంగుకీ మధ్య చిక్కుకున్న ఇసుక రేణువు వల్ల. ఇసుకంటే ప్రధానంగా క్వార్ట్జ్. ఖనిజాల గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద దానిది 7. మామూలు చాకు ఉక్కు 5.5 దరిదాపుల్లో ఉంటుంది. కారు పైపొర క్లియర్ కోట్ అయితే ఒక రకం ప్లాస్టిక్, దీనితో పోలిస్తే మైనం కింద లెక్క. కొండాపూర్‌లో, కోకాపేటలో రాళ్ళు పగలగొట్టి లేపే మేడల దుమ్ము నిండా ఈ క్వార్ట్జే, ఎందుకంటే హైదరాబాద్ కూర్చున్నదే గ్రానైట్ మీద. ఆ దుమ్ము మీద పొడిగుడ్డ వేసి ఒక్కసారి లాగితే అది తుడవడం అవదు, గరుకు కాగితం పెట్టి రుద్దడం అవుతుంది. ఒకే బకెట్ నీళ్ళతో పన్నెండు కార్లు తుడిస్తే, పన్నెండో కారుకి ముందు పదకొండు కార్ల ఇసుకా ఉచితం.

మరి బకెట్ ఒక్కటే ఇచ్చింది ఎవరు? "నీళ్ళు ఎక్కువ వాడకు, ట్యాంకర్ ఖర్చు" అని మీటింగులో తీర్మానం చేసింది ఎవరు? మనమే. రెండో బకెట్ అడిగితే ఇవ్వం. గీత పడితే మాత్రం జీతం కోస్తాం.

సరే, రెండో పని. మంచి పేరున్న షాపే కదా అని ఓ పాలిషింగ్ షాపుకెళ్ళి 18,000 కట్టాను. "సార్, స్వర్ల్స్ అన్నీ కరెక్ట్ చేసి ఇస్తాం, అద్దంలా ఉంటది" అన్నారు. ఉంది కూడా, అబద్ధమెందుకు! తల దువ్వుకోవచ్చు. మూడు వారాలు, నాలుగైదు వాషులు అయ్యేసరికి బానెట్ మీద కొత్త రకం మరకలు తేలాయి. ఈసారి సాలెగూడు కాదు, వెడల్పాటి అలల్లాగా మెలికలు తిరిగిన నీడలు. పక్కకి జరిగితే లోపలెక్కడో కదులుతున్నట్టుండే చారలు. మళ్ళీ పిలిచాను కుర్రాణ్ణి. మళ్ళీ తిట్టాను. ఈసారి అసోసియేషన్ వాళ్ళకి మెయిల్ కూడా కొట్టాను, పాయింట్లు నంబర్లు వేసి మరీ. వచ్చే నెల నుంచి వాడు రాలేదు. మానేశాడో, మాన్పించారో నేను అడగలేదు. అడగలేదన్నదే ఇప్పుడు నన్ను గుచ్చేది.

ఆ పండక్కి ఊరెళ్ళాను. మాది భద్రాచలం అడవి అంచు. సూర్యాపేట, ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా హైదరాబాద్ నుంచి 300 కిలోమీటర్ల పైచిలుకు. ఆ దారి తెలిసినవాళ్ళకి చెప్పేదేముంది! ఖమ్మంలో గ్రానైట్ ఫ్యాక్టరీల తెల్లపొడి, కొత్తగూడెం నుంచి సింగరేణి బొగ్గు లారీలు, పాల్వంచలో థర్మల్ బూడిద, గోదావరి దగ్గరయ్యేకొద్దీ ఇసుక లారీలు. పాత కేటీపీఎస్ కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ 2024 ఆగస్టులో కూల్చేశారు గానీ పక్కన కొత్త యూనిట్లు నడుస్తూనే ఉన్నాయి. ఆ బూడిదలో ఉండేదీ ఎక్కువగా సిలికా, అల్యూమినానే. పైగా ఊరి మట్టిరోడ్డు మీద వెదురు కొమ్మలు రెండు పక్కలా గీరుతుంటాయి. ఇల్లు చేరేసరికి నల్లకారు బూడిదరంగు కారైపోయింది. డోరు మీద కొమ్మ గీసిన గీతలు రెండు, పొడుగ్గా, తిన్నగా. అవి అడవి సంతకాలు. వాటి గురించి ఎవరితోనూ తగువు లేదు.

మా బాబాయి ఖమ్మంలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో పాతికేళ్ళు పనిచేశాడు. కారు కడుగుదామని నేను గుడ్డ తీస్తే ఆపి, "ముందు నీళ్ళు కొట్రా, దుమ్ము దిగాక చెయ్యి పెట్టు" అన్నాడు. కడిగాక బానెట్‌ని ఏటవాలుగా, ఒక కన్ను మూసి చూశాడు. రాయిని చూసినట్టే.

"ఇది గుడ్డ గీత కాదురా. మిషను గీత" అన్నాడు.

"అదేంటి బాబాయ్, తుడిచేవాడు..."

"వాడెవడో గానీ వాడికి సంబంధం లేదు. గుడ్డ గీత సన్నగా, ఎటు పడితే అటు ఉంటది. ఇది చూడు, చక్రం తిరిగిన దారి కనపడతంది. నంబర్లు ఎగ్గొట్టి చివరి బఫ్ ఏసేస్తే రాయి మీద కూడా ఇట్లనే వస్తది. నూనె రాసి ఇచ్చుంటరు. నూనె పోయినాక బయటపడ్డది."

ఇరవై సెకన్లలో తేల్చేశాడు. నేను రెండు మెయిళ్ళు, ఒక మీటింగు పెట్టి తేల్చలేనిది.

తర్వాత కూర్చుని చదివితే బాబాయి చెప్పినదంతా నిజమే. గుండ్రంగా ఒకే ఇరుసు మీద తిరిగే రోటరీ మిషన్‌ని గరుకు కాంపౌండ్‌తో తిప్పి, తర్వాత సన్నటి పాలిష్‌తో ఆ జాడలు తీయకుండా వదిలేస్తే పడేవి ఆ అలల చారలు. హోలోగ్రాములు అంటారు. చాలా గ్లేజుల్లో, కొన్ని పాలిషుల్లో నూనెలు, ఫిల్లర్లు ఉంటాయి. అవి గీతల గుంటల్లో కూర్చుని వెలుగు చెదరకుండా చేస్తాయి. గీత అక్కడే ఉంటుంది, కనపడదు. నాలుగు వాషులకి ఫిల్లర్ కొట్టుకుపోయి మళ్ళీ ప్రత్యక్షం. ఎర్రర్‌ని సరిచెయ్యకుండా ట్రై-క్యాచ్ పెట్టి మింగేసి, "ఇష్యూ ఫిక్స్‌డ్" అని టికెట్ మూసెయ్యడం మనకి తెలియని విద్యా?

దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. షాపులోంచి బండి తీసుకునే ముందే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నీళ్ళలో కలిపి ఒక ప్యానెల్ మెత్తగా తుడవమనండి. నూనె పోతుంది. తర్వాత ఎండలోనో, టార్చి లైటు కిందనో చూడండి. షాపువాడు దీనికి ఒప్పుకోకపోతే మీకు కావలసిన జవాబు దొరికినట్టే.

ఇప్పుడు అసలు పాయింటుకొస్తాను. పాలిష్ సక్రమంగా చేసినా సరే, "గీతలు తీసేస్తాం" అన్న మాటలోనే మోసం ఉంది. గీత అనేది ఒక గుంట. గుంటని తీసెయ్యడం ఎవరివల్లా కాదు. దాని చుట్టూ ఉన్న నేలని గుంట అడుగు దాకా చెక్కేస్తారు, అంతే. అంటే పోయేది గీత కాదు, పెయింటు.

ఎంతుంది మన దగ్గర ఆ పెయింటు? ఫ్యాక్టరీ కారు మీద ప్రైమరూ రంగూ క్లియర్ కోటూ అన్నీ కలిపి 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో ఎండ నుంచి రంగుని కాపాడే క్లియర్ కోట్ సుమారు 40 మైక్రాన్లు. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది. మన దగ్గరున్నది అందులో సగం పైచిలుకు, కారు బతికినంత కాలానికీ అదే కోటా. ఒక్కసారి గట్టిగా కాంపౌండ్ పట్టిస్తే రెండు మూడు మైక్రాన్లు పోవడం మామూలు. దానికి తోడు అంచుల దగ్గర, బానెట్ మడతల దగ్గర మిషన్ ఒత్తిడంతా ఒక గీత మీదే పడుతుంది, అక్కడ ఇంకా త్వరగా అరుగుతుంది. క్లియర్ కోట్ తినేసి రంగు బయటపడితే ఇక ఏ పాలిషూ పనికిరాదు. మళ్ళీ పెయింటు వెయ్యాల్సిందే.

బాబాయి మాట ఇక్కడే నాకు బోధపడింది. "రాయికైతే నాలుగు నంబర్లు ఎక్కువ కొట్టినా రాయి మిగుల్తది. దీనికేం మిగుల్తది?" గ్రానైట్ పలక మందం దాదాపు 20 మిల్లీమీటర్లు. అంటే 20,000 మైక్రాన్లు. మన క్లియర్ కోటుకి 500 రెట్లు. రెండు పనులకీ మనం వాడే మాట "పాలిష్" ఒకటే కావడంతో రాయికి చేసినట్టే కారుకీ ఆర్నెల్లకోసారి చేయించుకుంటున్నాం. రాయి తట్టుకుంటుంది. కారు అప్పు చేసి మరీ మెరుస్తుంది.

"అందుకే కదా సార్ కోటింగ్ వేయించుకోమనేది" అంటారు. అదీ చూద్దాం. 2000ల్లో ప్రతి షోరూంలోనూ టెఫ్లాన్ కోటింగ్ అని అంటగట్టేవాళ్ళు, చాలామంది ఇచ్చాం కూడా. వంటింటి పెనం మీద టెఫ్లాన్ పొరగా కుదురుకోవాలంటే అది కరిగే 327 డిగ్రీలు దాటించి వేడిచెయ్యాలి. మన కారు మీద స్పాంజితో రాసి, ఫ్యాన్ గాలికి ఆరబెట్టారు! ఇప్పుడు సిరామిక్ కాలం. "9హెచ్ గట్టిదనం, వజ్రం తర్వాత ఇదే" అన్నట్టు చెప్తారు. ఆ 9హెచ్ పెన్సిళ్ళ స్కేలుది మహాప్రభో! మనం డ్రాయింగ్ క్లాసులో వాడిన హెచ్, హెచ్‌బీ, 2బీ పెన్సిళ్ళ కొలత అది. 9హెచ్ పెన్సిల్‌తో గీసినా గీత పడలేదని దానర్థం. మోస్ స్కేలు మీద 9కీ దీనికీ చుట్టరికం లేదు. గోదావరి ఇసుక పెన్సిల్ ములుకుతో చెయ్యరు కదా. సిరామిక్ పనికిరాదని నేననను. నీళ్ళు జారిపోతాయి, మురికి త్వరగా వదులుతుంది, కడగడం తేలిక. ఒకటి రెండు మైక్రాన్ల పొర అంతవరకే చెయ్యగలదు. పొడిగుడ్డతో తుడిస్తే దాని మీదా గీతలు పడతాయి.

ఇక్కడ కొంతమందికి కోపం రావచ్చు. "కష్టపడి ఈఎంఐ కట్టుకుంటున్నాం, కారు మెరిస్తే తప్పా?" అని. తప్పేం లేదు. ఒకసారి కరెక్షన్ చేయించుకోండి, కాకపోతే కొలిచి చేయించుకోండి. ముందు పెయింట్ మందం మీటరుతో ప్రతి ప్యానెల్ చూపించమనండి. మామూలు మీటర్లు లోహం మీదే పనిచేస్తాయి, ప్లాస్టిక్ బంపర్ మీద రీడింగ్ చూపించానంటే అనుమానించండి. అవి చూపించేదీ మొత్తం మందమే, క్లియర్ కోట్ ఎంతో విడిగా చెప్పవు. గోరు పెట్టి చూడండి, గోరు తట్టుకునేంత లోతు గీతని వదిలెయ్యమనండి. రోటరీ బదులు రెండు రకాలుగా కదిలే డ్యూయల్ యాక్షన్ మిషన్ వాడమనండి, చారలు పడే ప్రమాదం బాగా తక్కువ. అన్నిటికంటే మెత్తని ప్యాడ్, మెత్తని పాలిష్‌తో ఒక అడుగు చోట మొదలెట్టి, చాలకపోతేనే గట్టిదానికి వెళ్ళమనండి. మా వైపు మే నెల 45 డిగ్రీల ఎండలో కాలిన బానెట్ మీద మాత్రం అస్సలు వద్దు, పాలిష్ పనిచేసేలోపే ఆరిపోతుంది. నూటికి నూరు గీతలూ పోవాలని పట్టుబట్టకండి. పదిలో ఏడు పోతే చాలు, మిగతా మూడూ క్లియర్ కోట్ దాచుకున్నందుకు గుర్తు.

"అవన్నీ ఎవడు చేస్తాడు, తుడిచేవాణ్ణి మారిస్తే పోలా?" అనేవాళ్ళూ ఉన్నారు. నేనూ అదే చేశాను. వచ్చిన కొత్తవాడి చేతిలోనూ అదే బకెట్, అదే గుడ్డ. మనిషిని మార్చి ప్రాసెస్ మార్చకపోతే ఏమవుతుందో మన ఆఫీసుల్లో రోజూ చూస్తూనే ఉంటాం.

గీతలు పడకుండా చెయ్యాల్సింది చాలా సాదా పని. రోజూ తుడిపించడం మానెయ్యండి. దుమ్ము పట్టిన కారు దుమ్ముతోనే ఉండనీండి, దుమ్ము తనంతట తాను గియ్యదు. వారానికోసారో, పది రోజులకోసారో ముందు ధారాళంగా నీళ్ళు కొట్టాలి. తర్వాత రెండు బకెట్లు. ఒకదాంట్లో షాంపూ, ఇంకోదాంట్లో గుడ్డ జాడించుకోడానికి మంచినీళ్ళు. పైనుంచి కిందకి కడగాలి, చక్రాలకి వేరే గుడ్డ. ఎండలో బోరు నీళ్ళు ఆరిపోతే ఉప్పు మరకలు పడతాయి కాబట్టి నీడలో, మెత్తటి మైక్రోఫైబర్‌తో అద్దాలి. కింద పడ్డ గుడ్డ మళ్ళీ కారుకి తగలకూడదు.

లెక్క కూడా చెప్పేసి ముగిస్తాను, మనం లెక్కల మనుషులం కదా. షాపువాడికి నేను ఒక్క పూటలో ఇచ్చింది 18,000. అదే డబ్బు నా కారుకి ఆ కుర్రాడికిచ్చే 30 నెలల జీతం. అందులో పదో వంతు పెట్టి రెండో బకెట్టూ, అరడజను మంచి గుడ్డలూ, ఒక షాంపూ డబ్బా కొనిచ్చి, ఎలా కడగాలో ఒక ఆదివారం నిలబడి చెప్పుంటే నా కారు బాగుండేది, వాడి పనీ ఉండేది. చెప్పే ఓపిక లేక తిట్టాను. వాచ్‌మన్ని అడిగాను, పక్క వీధి అపార్ట్‌మెంట్లలో అడిగాను, ఆ కుర్రాడు ఎక్కడున్నాడో తెలియలేదు. అసోసియేషన్‌కి ఇంకో మెయిల్ పెట్టాను, మొదటి మెయిల్లో నేను రాసినవన్నీ తప్పని, పాయింట్లు నంబర్లు వేసి మరీ. దానికి జవాబు ఒక్కటే వచ్చింది: "నోటెడ్".

బానెట్ మీద ఆ చారలు ఇంకా ఉన్నాయి. తీయించడానికి ఇంకో రెండు మైక్రాన్లు చెక్కించడం ఇష్టం లేక వదిలేశాను. ఎండలో ఎవరైనా చూసి "తుడిచేవాడెవడండీ ఇంత ఘోరంగా..." అని మొదలెడితే, వాడు కాదండీ, నేనే అని చెప్తున్నాను.